ముందు రాత్రుల సంగతి అడుగు

ప్రశ్న: అమ్మా, మాది సఖినేటిపల్లి దగ్గర పల్లెటూరు. నాకు 23 ఏళ్లు. ఎమ్మెస్సీ మ్యాథ్స్ పరీక్షలు ఈమధ్యే అయ్యాయి. గోదావరి అవతల ఒక యూనివర్సిటీలో ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకి వేసవిలో ఆరు వారాల శిక్షణ పెడుతున్నారు. పిల్లలంతా అక్కడి హాస్టళ్లలోనే ఉంటారు. అమ్మాయిల బ్లాకులో వాళ్లతోపాటే ఉండి చూసుకోవడానికి నన్ను రమ్మన్నారు. నలభై మంది పిల్లలు. గది, భోజనం పోను మొత్తం 24,000 రూపాయలు ఇస్తామన్నారు. నాన్నగారు ‘ఎమ్మెస్సీ చదివించింది హాస్టల్ కాపలాకా? సంబంధాలు చూస్తున్న టైములో ఇదేంటి?’ అంటున్నారు. అమెరికాలో చదువుతున్న మా పెదనాన్నగారి అబ్బాయి సెలవుల్లో ఇదే పని చేస్తే మాత్రం ఊరంతా గొప్పగా చెప్పుకున్నారు. నేనెప్పుడూ హాస్టల్లో ఉండలేదు. వెళ్లాలని ఉంది, భయంగానూ ఉంది. వెళ్లమంటారా?
– ఒక పాఠకురాలు

జవాబు: వెళ్లమ్మా. కాకపోతే సరేననే ముందు వాళ్లని కొన్ని సంగతులు అడగాలి. డబ్బు గురించి ఎవరైనా అడుగుతారు. నువ్వు ముందు రాత్రుల గురించి అడుగు.

ఎందుకంటున్నానో నా సంగతే చెబుతాను. దాదాపు నీ వయసులోనే నేనూ ఒక కాలేజీలో వేసవి క్యాంపుకి హాస్టల్ డ్యూటీ మీద వెళ్లాను. యాభై రెండు మంది ఆడపిల్లలు, నేనొక్కదాన్ని. పొద్దున్న ఐదింటికి లేపడం దగ్గర్నుంచి రాత్రి పదింటికి హాజరు తీసుకోవడం దాకా అన్నీ నేనే. ఆ తరవాత కూడా ఎవరో ఒకరు తలుపు కొడుతూనే ఉండేవారు. మంచినీళ్లు అయిపోయాయని ఒకరు, పక్క గదిలో బల్లి ఉందని ఇంకొకరు. చిన్నదాన్ని కదా, మొదటి వారం హుషారుగానే తిరిగాను. తొమ్మిదో రాత్రి మాత్రం ఒళ్లు తెలియకుండా నిద్రపోయాను. తెల్లారి తలుపు తీస్తే ఏడో తరగతి పిల్ల ఒకతి నా గుమ్మం ముందు వట్టి గచ్చు మీద ముడుచుకుని పడుకుని ఉంది. చెయ్యి వేస్తే కాలిపోతోంది. ‘చాలాసేపు కొట్టానండి, మీరు లేవలేదు. అందుకని ఇక్కడే పడుకున్నాను’ అంది. తప్పు పట్టినట్టు కూడా అనలేదు. రెండు రోజుల్లో జ్వరం తగ్గిపోయింది, ఆ పిల్లకి ఏమీ కాలేదు. నాకు మాత్రం ఆ గచ్చు ఇప్పటికీ కళ్ల ముందు ఉంటుంది. ఆ తరవాత చాలా ఏళ్లు హాస్టళ్లలోనే పనిచేశాను. కొత్తగా చేరిన ప్రతి అమ్మాయినీ మొదటి రోజే అడిగేదాన్ని: ‘నువ్వు నిద్రపోయే రాత్రి ఎవరు మేలుకుని ఉంటారు?’ అని.

ఆఫీసు ఉద్యోగమైతే సాయంత్రం తాళం వేసి ఇంటికొచ్చేస్తాం. ఇక్కడ నీ మంచం కూడా డ్యూటీలోనే ఉంటుంది. పని ఎక్కడ ఆగాలో ముందే కాగితం మీద లేకపోతే అది ఎక్కడా ఆగదు. అందుకే వెళ్లి అడుగు: ఆ బ్లాకులో నాతోపాటు రెండో మనిషి ఉన్నారా? రాత్రి డ్యూటీ వంతులవారీగా ఉంటుందా? నా వంతు కాని రాత్రి పిల్లలు ఎవరి తలుపు కొట్టాలి, ఆ సంగతి పిల్లలకి చెబుతారా? నలభై మందికి కనీసం ఇద్దరు ఉండాలని నా అభిప్రాయం. ఒక్కదానివే అయితే, మనసు ఎంత లాగినా ఒప్పుకోవద్దు. ‘మీకు ఇంకో అమ్మాయి దొరికితే వస్తాను’ అని మర్యాదగా చెప్పి వచ్చెయ్. పిల్లల మేలు కోరే వాళ్లయితే ఆ మాటకి కోప్పడరు.

వారానికి ఒక పూర్తి రోజు సెలవు అడుగు. పూర్తి రోజంటే ఒక రాత్రి కూడా కలిసిన ఇరవై నాలుగు గంటలు. ఆ రోజు క్యాంపస్‌లో ఉండకు. గదిలో ఉంటే తలుపు కొడతారు, అది వాళ్ల తప్పు కాదు. నరసాపురం రేవుకొచ్చి పంటు (గోదావరి దాటించే పడవ) ఎక్కి ఇంటికి వచ్చెయ్. అమ్మ చేతి అన్నం తిని, మధ్యాహ్నం నిద్రపోయి, మర్నాడు వెళ్లు. ఇల్లు ఇంత దగ్గరగా ఉండడం నీకు చాలా కలిసొచ్చే విషయం.

డబ్బు విషయం తేలిగ్గానే తేలుతుంది. ఆరు వారాలంటే 42 రోజులు, 24,000 అంటే రోజుకి 570 పైచిలుకు. అయితే పిల్లలు రాకముందు శిక్షణకి, గదులు సర్దడానికి రెండు రోజులు, వాళ్లు వెళ్లాక తాళాలు అప్పజెప్పడానికి ఒక రోజు ఎలాగూ పడుతుంది. ఆ రోజులు లెక్కలోకి వస్తాయో లేదో అడుగు. సగం సగం ఇస్తారా, చివర్లో ఒకేసారి ఇస్తారా, మధ్యలో జబ్బు చేసి మానేస్తే పనిచేసిన రోజులకి ఇస్తారా అన్నది కూడా రాయించుకో. గదిలో ఇంకెవరైనా ఉంటారా అని మర్చిపోకుండా అడుగు. భోజనంతో కలిపి అన్నప్పుడు నీ సెలవు రోజు కూడా కలిపేనా అన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది, అడగడంలో తప్పేమీ లేదు.

ఇక నాన్నగారు. ఆయన కోపం వెనక ఉన్నది దిగులు. కూతురు తెలియని చోట రాత్రులు ఉంటుందంటే ఏ తండ్రికైనా టెన్షన్ ఉంటుంది. దాన్ని తక్కువ చెయ్యకు. కానీ ‘కాపలా’ అన్న మాట మాత్రం నేను ఒప్పుకోను. నలభై ఇళ్ల వాళ్లు తమ ఆడపిల్లల్ని ఆరు వారాలు నీ చేతిలో పెడుతున్నారు. ఇల్లు దాటి ఎరగని పదమూడేళ్ల పిల్లకి జ్వరం వస్తే తడిగుడ్డ వేసేది నువ్వే. ఇది చిన్నపని ఎలా అవుతుంది? నీ అన్నయ్య అమెరికాలో చేసేదీ ఇదే. అక్కడి యూనివర్సిటీల్లో దీన్ని రెసిడెంట్ అసిస్టెంట్ పని అంటారు. ఎఫ్-1 వీసా మీద ఉన్న విద్యార్థులు క్లాసులు జరిగేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలకి మించి పనిచెయ్యకూడదు, సెలవుల్లో పూర్తి సమయం చెయ్యొచ్చు. అందుకే వేసవి ప్రోగ్రాముల్లో హాస్టల్ పని వాళ్లకి కలిసొస్తుంది, చాలాచోట్ల గది అద్దె కూడా తప్పుతుంది. ఏ రాత్రి ఎవరిదో, ఎన్నిసార్లు బ్లాకు చుట్టి రావాలో, ఏదైనా జరిగితే ఎవరికి ఫోన్ చెయ్యాలో, ఏం రాసిపెట్టాలో అక్కడ సాధారణంగా ముందే రాసి ఉంటుంది. మన దగ్గర ఎక్కువగా లోటు కనిపించేది ఇలా రాసిపెట్టడంలోనే. ఆ కాగితం నువ్వు అడిగి రాయించుకుంటే నాన్నగారి దిగులు సగం తీరుతుంది.

సంబంధాల మాట ఎత్తారు కాబట్టి చెబుతున్నాను. ఆరు వారాలు పిల్లల్ని చూసుకున్నందుకు వద్దనుకునే ఇంటికి నువ్వు వెళ్లాలని మీ నాన్నగారు కూడా కోరుకోరు. ఈ ముక్క ఆయనతో నువ్వు అనకు, అమ్మ చేత అనిపించు.

ఇంకో సంగతి. ఆధార్, ఫొటోలు పట్టుకుని పోలీసు వెరిఫికేషన్‌కి రమ్మంటే నాన్నగారు ‘మా అమ్మాయిని అనుమానిస్తారా’ అని నొచ్చుకోవచ్చు. పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే చట్టాన్ని పోక్సో అంటారు. 2020 పోక్సో నిబంధనల ప్రకారం, పిల్లలుండే సంస్థల్లో పర్మనెంటు వాళ్లయినా కాంట్రాక్టు వాళ్లయినా పనిచేసే ప్రతి ఒక్కరికీ ఆ తనిఖీ చేయించాలి. అడిగారంటే మంచి సూచన. అడక్కపోతే నువ్వే అడుగు, నీకొక్కదానికే కాదు, వంటవాళ్లకీ వాచ్‌మన్‌కీ బస్సు డ్రైవర్‌కీ కూడా చేయించారా అని.

ఇక పని ఎలా ఉంటుందో చెబుతాను, నీ భయం ఎక్కువగా దాని గురించే కదా.

మొదటి రోజు అంతా సందడే. ట్రంకు పెట్టెలు, బకెట్లు, బుట్టల్లో మామిడిపళ్లు, ఆత్రేయపురం పూతరేకుల డబ్బాలు, జాడీల్లో కొత్తావకాయ. ఆ హడావిడిలో నువ్వు మూడు పనులు మాత్రం మానకు. ప్రతి పిల్ల వాడే మందులు, పడని మందులు, పడని తిండి తల్లి నోటి నుంచి విని రాసుకో. పిల్లని తీసుకెళ్లడానికి ఎవరు రావచ్చో పేర్లూ ఫోన్ నంబర్లూ సంతకంతో తీసుకో. గదిలో ఫ్యాను, లైటు, గడియ, కిటికీ అద్దం ఎలా ఉన్నాయో తల్లిదండ్రుల ముందే చూసి రాయి. లేకపోతే చివరి రోజు ‘అద్దం ఎవరు పగలగొట్టారు’ అన్న గొడవ నీ మెడకి చుట్టుకుంటుంది.

మొదటి రాత్రి ఎవరూ ఏడవరు. రెండో రాత్రి కూడా కబుర్లలో గడిచిపోతుంది. మూడో రాత్రికి మొదలవుతుంది. లైట్లు ఆపాక ఒక పిల్ల దిండులో మొహం పెట్టుకుని ఏడుస్తుంది, అది విని పక్క మంచం పిల్లకి అమ్మ గుర్తొస్తుంది, కాసేపట్లో వరండా అంతా పాకుతుంది. కంగారుపడకు. ‘ఏడవకు, పెద్దదానివి కదా’ అనకు. పక్కన కూర్చుని, ఇంట్లో ఈ టైముకి ఏం చేస్తూ ఉంటారని అడుగు. చెబుతుంది. గేదెకి కుడితి పెట్టడం దగ్గర్నుంచి తమ్ముడి అల్లరి దాకా చెబుతుంది, చెబుతూ చెబుతూ సర్దుకుంటుంది. ఇంటికి ఫోన్ చేసే టైము మాత్రం పడుకునే ముందు పెట్టనివ్వకు. సాయంత్రం ఆటల ముందు పెట్టించు. రాత్రి తొమ్మిదింటికి అమ్మ గొంతు విన్న పిల్ల పడుకోదు, అవతల అమ్మా పడుకోదు. పది రోజులైనా తిండి మానేసి, నిద్ర మానేసి అలాగే ఉన్న పిల్ల ఉంటే తల్లిదండ్రులకి చెప్పి పంపించడం మంచిది. అది నువ్వు ఓడిపోయినట్టు కాదు. ఆ వయసులో అందరికీ ఒకేసారి రెక్కలు రావు.

ఈ వయసు పిల్లల్లో ఒకరిద్దరికి నీ దగ్గర ఉండగానే మొదటిసారి నెలసరి రావచ్చు. ఇది ఎవరూ నీకు ముందు చెప్పరు, అందుకని నేను చెబుతున్నాను. నా దగ్గర ఒక పిల్ల రక్తం చూసి పెద్ద జబ్బేదో వచ్చిందని రోజంతా బాత్‌రూమ్‌లోనే దాక్కుంది. ప్యాడ్లు, వేడినీళ్ల సంచి, ఒకటి రెండు జతల లోదుస్తులు నీ గదిలో ఎప్పుడూ ఉంచుకో. ప్యాడ్లు అందరికీ తెలిసిన చోట, అడక్కుండా తీసుకునేలా బాత్‌రూమ్ దగ్గర అరలో పెట్టించు. తల్లికి కబురు నువ్వే చెప్పు, మెల్లగా. కొన్ని ఇళ్లల్లో వెంటనే తీసుకెళ్లిపోతామంటారు. పిల్ల ఏమనుకుంటోందో కనుక్కుని ఆ మాట వాళ్లకి చేరవెయ్యి, అంతకు మించి వాదించకు.

గొడవలు ఫ్యాను కింద మంచం కోసం వస్తాయి, పోతాయి. వాటి గురించి ఎక్కువ చెప్పను. మంచాల వరస వారానికోసారి మార్చు, చాలు.

ఎండల గురించి మాత్రం చెప్పాలి. రోహిణి కార్తెలో మన డెల్టాలో ఉక్కపోత ఎలా ఉంటుందో నీకు తెలుసు, కానీ వేరే జిల్లాల నుంచి వచ్చే పిల్లలకి తెలియదు. చెమటలు పోసి నీరసపడితే ఓఆర్‌ఎస్ ఇవ్వొచ్చు. ప్యాకెట్టు మొత్తం దాని మీద రాసినన్ని నీళ్లలో, పెద్ద ప్యాకెట్టైతే ఒక లీటరులో, కలపాలి. సగం పొడి గ్లాసులో కలిపి ఇచ్చేవాళ్లని చాలామందిని చూశాను, అది తప్పు. కలిపింది ఒక రోజు దాటితే పారబొయ్యి. పిల్ల ఒళ్లు పెనంలా కాలుతూ, మాట తడబడుతూ, మగతగా ఉందంటే అది వడదెబ్బ. అప్పుడు మంచినీళ్లు తాగించబోకు. 108కి ఫోన్ చేయించి, నీడలో పడుకోబెట్టి, ఒళ్లంతా నీళ్లతో తడిపి విసురుతూ ఉండు.

వేసవిలో కాలువలు కట్టేస్తారు, జూన్‌లో గాని వదలరు. సముద్రం వైపు ఊళ్లల్లో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. ఆరు వారాలకి మంచినీళ్లు ఎక్కణ్నుంచి వస్తాయి, చెరువు నింపుకున్నారా, ట్యాంకులు ఎప్పుడు కడిగారు అని అడగడానికి మొహమాటపడకు. నలభై మందిలో ఒకరికి విరేచనాలు పట్టుకుంటే మర్నాటికి పదిమందికి ఉంటాయి. ఇంటి నుంచి తెచ్చిన మిఠాయిలు, పచ్చళ్లు గదుల్లో ఉంచనివ్వకు. చీమలు ఒక ఎత్తు, పాడైన తిండి ఇంకో ఎత్తు. ఒక బల్ల మీద అందరివీ పెట్టించి పంచుకు తినమంటే రెండు రోజుల్లో అయిపోతాయి, పిల్లలకి స్నేహాలూ కలుస్తాయి.

కరెంటు పోయిన రాత్రి ‘డాబా మీద పడుకుంటాం అక్కా’ అని బతిమాలతారు, లేదా చాపలు వేసుకుని వరండాలో పడుకుంటామంటారు. పొలాల పక్కనున్న హాస్టల్ అయితే నేల మీద పడుకోనివ్వకు. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద పడుకున్న వాళ్లని కరుస్తుంది. చాలాసార్లు నొప్పి ఉండదు, గాటు కూడా కనిపించదు. తెల్లారేసరికి పిల్ల కడుపునొప్పి అంటుంది, కనురెప్పలు వాలిపోతాయి, మింగలేకపోతుంది. అలాంటిది చూస్తే అజీర్తి అనుకుని వాము నీళ్లు పట్టుకుని కూర్చోకు. కట్టు కట్టడం, గాటు పెట్టడం వంటివి ఎవరినీ చెయ్యనివ్వకుండా నేరుగా పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. మంచం మీద, దోమతెర పరుపు కిందికి దోపి పడుకుంటే ఈ భయం చాలావరకు ఉండదు.

ఇప్పుడు చెప్పబోయేది మనసు పెట్టి చదువు. ఏదో ఒక రాత్రి ఒక పిల్ల నీ దగ్గరకొచ్చి, ‘అక్కా, నీకొకటి చెబుతాను, ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యి’ అంటుంది. ఒట్టెయ్యకు. ‘నీకు మంచి జరగడానికి ఎవరికైనా చెప్పాల్సి వస్తే చెబుతాను, కానీ నీకు చెప్పే వెళతాను’ అను. చాలాసార్లు అది స్నేహితురాలితో అలక అవుతుంది. ఒక్కోసారి అలా కాదు. ఇంట్లోనో, ట్యూషన్లోనో, ఈ క్యాంపులోనో ఎవరో తనతో తప్పుగా ప్రవర్తించారని చెప్పవచ్చు. 2012 పోక్సో చట్టం ప్రకారం, పద్దెనిమిదేళ్లలోపు పిల్లల విషయంలో అలాంటిది తెలిసిన వాళ్లెవరైనా పోలీసులకి తెలియజెయ్యాలి. తెలిసీ దాచిపెడితే అది కూడా శిక్ష పడే నేరమే. కాబట్టి ‘సంస్థ పేరు పోతుంది, మనలో మనం చూసుకుందాం’ అని పెద్దవాళ్లు అన్నా నువ్వు ఆగిపోకూడదు. పిల్లల సహాయానికి 1098 ఉంది, పగలూ రాత్రీ పలుకుతుంది. పిల్లని గుచ్చి గుచ్చి అడగకు, నిజమా అని తిరగేసి అడగకు. విను, తను వాడిన మాటలనే ఆ రాత్రే తారీఖు, టైము వేసి రాసిపెట్టు. ఆ పిల్ల పేరు మిగతా స్టాఫ్ నోళ్లలో పడకుండా చూసుకో.

నిన్ను అక్కా అంటారు. నీకూ వాళ్లకీ మధ్య మహా అయితే పదేళ్ల తేడా, అది నీకు పెద్ద బలం. అయినా ఏ పిల్లనీ ఒంటరిగా నీ గదిలోకి పిలిచి తలుపు వెయ్యకు. మాట్లాడాలంటే తలుపు తెరిచి ఉంచు, లేదా వరండా చివర కూర్చోండి. వాళ్ల ఫొటోలు నీ ఫోన్‌లో వద్దు, స్టేటస్‌లో అసలే వద్దు.

నీ సంగతి కూడా ఉంది. తాత్కాలికంగా చేరినా ఆడవాళ్లకి పనిచోట లైంగిక వేధింపుల నుంచి రక్షణ ఇచ్చే 2013 చట్టం నీకు వర్తిస్తుంది. పదిమంది, అంతకు మించి పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి, జరిగిన మూడు నెలల్లోగా రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వొచ్చు. ఆ కమిటీలో ఎవరున్నారో మొదటి రోజే కనుక్కో. నీ గదికి లోపలి గడియ గట్టిగా ఉండాలి. పైవాళ్లెవరైనా రాత్రి పదకొండింటికి ‘రిపోర్టు పట్టుకుని రా’ అంటే పొద్దున్న ఇస్తానని చెప్పు.

ఆఖరి రోజు నీకు ఇప్పుడు ఊహకి రాదు. మూడో రాత్రి ఇంటికెళ్లిపోతానన్న పిల్లే నీ చున్నీ పట్టుకుని వదలదు. ఆ ఏడుపుల్లో కూడా సంతకాలు మర్చిపోకు. రాసిన పేరున్న మనిషి వచ్చి సంతకం పెట్టాకే పిల్లని పంపు. ‘బాబాయిని, పర్లేదు పంపండి’ అన్నా సరే, తల్లికి ఫోన్ చేసి అడుగు.

ఇవన్నీ చదివి భయం పెరిగిందేమో. నేను వెళ్లమన్నది ఇవన్నీ తెలిసే. నీ ఉత్తరంలో నువ్వు పనెంత అని అడగలేదు, నాకు చేతనవుతుందా అన్నట్టు అడిగావు. ఆ ప్రశ్న అడిగిన వాళ్లు పిల్లల తలుపు చప్పుడికి లేస్తారు.

ఈ వారంలోనే నాన్నగారిని తీసుకుని ఆ హాస్టల్ చూసి రా. పగలు చూస్తే ఏ హాస్టలైనా బాగానే ఉంటుంది, చీకటి పడ్డాక వెళ్లండి. బాత్‌రూమ్‌ల వైపు లైట్లు వెలుగుతున్నాయా, గేటు దగ్గర మనిషి ఉన్నాడా, నీకిచ్చే గదిలో ఫోన్ సిగ్నల్ అందుతుందా చూడు. రాత్రిపూట బండి ఎక్కడ ఉంటుంది, తాళం ఎవరి దగ్గర ఉంటుంది అని నాన్నగారినే అడగనివ్వు, ఆయన మనసుకి అది కావాలి. వార్డెన్ గారు ఏ గదిలో పడుకుంటారో అడిగి, ఆ తలుపు నుంచి నీ తలుపు దాకా ఒకసారి నడిచి చూడు. తిరిగి రావడానికి చివరి పంటు ఎన్నింటికో మాత్రం రేవులో ముందే కనుక్కోండి.